గొల్లపల్లి వీణ - క్యోటో ఆటపెట్టె

మొన్న మా కళాశాలలో వక్తృత్వపు పోటీ జరిగెను. న్యాయనిర్ణేతలలో నేనొకడను. విషయమును విద్యార్థులే ఎన్నుకొనిరి: “వీడియోగేము యంత్రములు చేయు కంపెనీ స్మార్ట్‌ఫోను చేయవలెనా, కూడదా?” ఆ కాగితము చేతికి వచ్చినప్పుడు నాకు నవ్వు వచ్చెను. ముప్పది యేండ్లుగా భారతమును, ప్రబంధములను పాఠము చెప్పుకొనుచున్నవానికి ఈ తగవు తీర్చు యోగ్యత యెక్కడిది? అష్టాదశ వర్ణనలలో టెలిఫోను లేదు గదా! అయినను పిలిచినందుకు పోయి కూర్చుంటిని.

మొదట మాటాడిన అబ్బాయి వాదము సూటిగా ఉండెను. “జేబులో యంత్రమొకటే చాలునని లోకము నిశ్చయించుకొన్నది. గడియారము, కెమెరా, రేడియో, టార్చిలైటు అన్నియు ఫోనులో కలిసిపోయినవి. ఆటపెట్టె కూడ నేడో రేపో కలిసిపోవును. ఒకరి ఫోనులో కరగిపోవుటకంటె తానే ఫోను చేసికొనుట మేలు” అని అతడనెను. తరువాత లేచిన అమ్మాయిది బొబ్బిలి ప్రాంతము. “మా ఊరి దగ్గర వీణలు చేయువారున్నారు. గ్రామఫోను వచ్చినప్పుడు వారు గ్రామఫోనులు చేయలేదు. రేడియో వచ్చినప్పుడు రేడియోలు చేయలేదు. అయినను నేటికిని వీణలు చేయుచునే యున్నారు” అని చెప్పి ఆమె కూర్చుండెను. చప్పట్లు మ్రోగినవి. అబ్బాయి ఊరకుండక మరల లేచి, “చేయుచున్నారు, సరే. ఎందరు చేయుచున్నారు? ఏ వీణ చేయుచున్నారు?” అని అడిగెను.

బహుమానము ఎవరికి వచ్చినదో తరువాత చెప్పెదను. ఆ ప్రశ్న మాత్రము నన్ను ఇంటివరకు వెంబడించినది. ఒక వస్తువు చేయుటలో పేరు గడించినవాడు, కాలము మారినప్పుడు, పొరుగువాని వస్తువును చేయబూనవలెనా? తన వస్తువునే పట్టుకొని యుండవలెనా? ఈ చిక్కు జపానుదేశపు కంపెనీకే కాదు, మన గొల్లపల్లి పనివానికిని ఉన్నది. కనుక రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మంచిదని తోచినది.

పేకముక్కల అంగడి

పిల్లలు మాటిమాటికి పేర్కొన్న ఆ కంపెనీ నింటెండో. జపానులోని క్యోటో నగరమున 1889వ సంవత్సరములో ఫుసాజిరో యమౌచి అను నాతడు దానిని స్థాపించెను. ఆనాడు అక్కడ చేసినది పువ్వుల బొమ్మలుగల పేకముక్కలు. విద్యుద్యంత్రములతో దానికి అప్పటికేమియు సంబంధము లేదు. స్థాపకుని వంశమున పుట్టిన హిరోషి యమౌచి 1949లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, అధ్యక్షపదవిని స్వీకరించెను. పేకముక్కలతో కంపెనీ పెరుగదని అతనికి తోచినది. 1960 దశకములో అతడు టాక్సీలు నడిపించి చూచెను, వేడినీరు పోసిన సిద్ధమగు అన్నము అమ్మి చూచెను. ఏదియు నిలువలేదు. పొరుగింటి పుల్లకూర రుచి యని చేయిచాచి, చేయి కాల్చుకొనుట అనగా ఇదియే.

కంపెనీని నిలబెట్టిన మార్పు బయటినుండి రాలేదు. పేకముక్కలు చేయు మరలను బాగుచేయుటకు నియుక్తుడైన గున్‌పే యొకోయి అను యువకుడు, తీరిక వేళలలో తన వినోదమునకై కత్తెరవలె ముడుచుకొని చాచుకొను ఒక చేతిబొమ్మను చేసికొనెను. అధ్యక్షుడు దానిని చూచి, కసరుకొనుటకు మారుగా, అమ్ముటకు తగినట్లు చేయుమనెను. అది 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ అను పేరుతో వెలువడి లక్షలకొలది అమ్ముడుపోయెను. పేకముక్కల ఇల్లు ఆటబొమ్మల ఇల్లాయెను. చూచువారికిది పెద్ద గంతు. లోపల చూచినచో, నలుగురు కూర్చుండి కాలము మరచి ఆడుకొను వస్తువును చేయుట అను పాత విద్యయే క్రొత్త రూపము దాల్చినది.

ఈ యొకోయిదే ఒక సిద్ధాంతము కలదు. అందరి చేతులలో నలిగి, చవుకయై, గుట్టు తెలిసిపోయిన పాత పరిజ్ఞానమును ఎవరును తలపని క్రొత్త పనికి వాడవలెననునది దాని సారము. 1980లో వచ్చిన ‘గేమ్ అండ్ వాచ్’ ఇందుకు తార్కాణము. చేతిలెక్కల యంత్రములకు వాడు చవుక తెరనే ఆటకు వాడిరి. 1989లో వచ్చిన ‘గేమ్ బాయ్’కి రంగుల తెర కూడ లేదు. అదే కాలమున పోటీదారులు రంగుల తెరలతో వచ్చిరి, కాని వారి యంత్రములు బ్యాటరీలను గంటలలో త్రాగివేసెడివి. గేమ్ బాయ్ నాలుగు చిన్న బ్యాటరీలతో చాలసేపు నడిచెడిది, క్రిందపడినను సులభముగా పగులకుండెడిది. పిల్లవాని చేతికి ఏది కావలెనో తెలిసినవారు చేసిన వస్తువది. రంగుల వారు పోయిరి, బూడిదరంగు పెట్టె నిలిచెను.

నేను ఇంతగా చెప్పుటకు కారణమున్నది. ఆ కంపెనీకి తెలిసిన విద్య యేదో మొదట తేల్చుకొననిదే అది ఫోను చేయవలెనా అను ప్రశ్నకు సమాధానము దొరకదు. క్రొత్త పరిజ్ఞానమును అందరికంటె ముందు తెచ్చుట దానికి తెలిసిన విద్య కాదు. వ్రేళ్ళకును ఆటకును నడుమ నున్న బంధమే అది ఎరిగిన విద్య.

ఫోను వచ్చిన తరువాత

2007లో ఐఫోను వచ్చెను. మరుసటి సంవత్సరము, ఎవరు వ్రాసిన ఆటనైనను దానిలో కొని దింపుకొనుటకు అంగడి తెరచిరి. అంతవరకు వేల రూపాయలకు అమ్ముడుపోయిన ఆటలవంటివి నాలుగు డబ్బులకు, లేదా ఉచితముగా, రాసాగెను. తల్లి చేతిలోని ఫోనులోనే ఆట దొరకుచుండగా పిల్లవానికి వేరొక పెట్టె ఏల?

నింటెండోకు ఈ దెబ్బ గట్టిగనే తగిలినది. 2004లో వచ్చిన దాని ‘డి.ఎస్.’ పెట్టెలు 15 కోట్లకు పైగా చెల్లినవి. 2011లో వచ్చిన ‘3డి.ఎస్.’ అందులో సగముకంటె మించలేదు. దాని వెలను అమెరికాలో సుమారు 250 డాలర్లుగా పెట్టి, ఆరునెలలు గడువకముందే 170కి దింపవలసి వచ్చెను. 2012లో వచ్చిన ‘వీ యు’ అను పెట్టె మరింత విఫలమై, మొత్తము మీద ఒక కోటి ముప్పదియైదు లక్షల దగ్గర ఆగిపోయెను. దానికి ముందటి ‘వీ’ పది కోట్లు దాటినదని తలచుకొన్నచో పతనమెంతటిదో తెలియును. 2014 ఆరంభమున అధ్యక్షుడు సతోరు ఇవాటా కొన్ని నెలలపాటు తన జీతమును సగమునకు తగ్గించుకొనెను.

అప్పుడే వాటాదారులలోను, పత్రికలలోను ఈ మాట బలముగా వినవచ్చినది: “ఆటపెట్టెల యుగము ముగిసినది. మీరును ఫోను చేయుడు.” ఈ సలహాలో తెలివి లేకపోలేదు. ఆటపెట్టె చేసినవాడు ఒక విధమైన భూస్వామి. తన పెట్టెలో ఆడు ఆటను ఇతరులు చేసి అమ్మినను, దానిపై తనకు శిస్తు వచ్చును. అదే ఆట ఫోనులో అమ్మినచో పాత్ర తారుమారగును. అక్కడ భూస్వాములు ఆపిల్, గూగుల్ కంపెనీలు. పెద్ద ఆటల అమ్మకములో వారు సామాన్యముగా నూటికి 30 వంతులు పుచ్చుకొనువారు. నిన్నటి భూస్వామి నేడు కౌలుదారగుటకు ఇష్టపడునా? “నేనే పొలము కొనుక్కొందును” అనుట సహజమే. ఫోను చేయవలెనను వాదములోని అసలు బలమిది. మా కళాశాల అబ్బాయి ఈ సంగతిని చెప్పియుండినచో ఆనాడే గెలిచియుండును.

చేసి చూచినవారు

ఊహించి తగవు తీర్చనక్కరలేదు. చేసి చూచినవారే ఉన్నారు. ఎదురు దిశనుండి మొదట వచ్చినవారు ఫిన్లండుదేశపు నోకియా వారు. ప్రపంచమున ఫోను అనగా నోకియా అను కాలమది. 2003లో వారు ‘ఎన్-గేజ్’ అను వస్తువును చేసిరి, అది ఫోనును, ఆటపెట్టెయు. ఆటను మార్చవలెనన్న వెనుకమూత తీసి, బ్యాటరీ ఊడదీయవలెను. మాటాడవలెనన్న దానిని పక్కవాటుగా, అంచు చెవికి ఆనునట్లు, పట్టుకొనవలెను. లోకము నవ్వినది. ఫోను చేయుటలో వారికి సాటిలేదు, కాని ఆడువాని వ్రేళ్ళు వారికి తెలియవు.

తరువాత సోనీ. ఇది పరీక్షకు సరియైన ఉదాహరణ, ఏలయనగా ‘ప్లేస్టేషన్’ ఆటపెట్టె వారిదే, ఫోనుల వ్యాపారమును వారిదే. రెండు విద్యలును ఒకే ఇంట నున్నవి. ఎరిక్సన్ వారితో కూడి 2011లో ‘ఎక్స్‌పీరియా ప్లే’ అను ఫోనును విడిచిరి. తెరను జరిపినచో క్రిందనుండి ఆట బొత్తాములు బయటపడును. చూచుటకు ముచ్చటయే. కాని దానికి రెండవ తరము రాలేదు.

మూడవవారు మైక్రోసాఫ్ట్. ‘ఎక్స్‌బాక్స్’ వారిదే. వీరు నోకియా ఫోనుల వ్యాపారమునే 2014లో కొనివేసిరి. ధనమునకు కొదువలేదు, ఇంజనీరులకు కొదువలేదు. ఒక సంవత్సరము గడచిన పిమ్మట, 2015 జూలైలో, దానిక్రింద 760 కోట్ల డాలర్లను నష్టముగా వ్రాసికొని, వేలకొలది ఉద్యోగులను తొలగించిరి. అనగా ఆటపెట్టెలు చేయు మహాసంస్థలు మూడింటిలో రెండు ఫోనును చేసి చూచినవి. రెండును ఆ దారిని తమ ఆటపెట్టెకు మేలు పొందలేదు.

కారణమేమి? ఆటపెట్టెయు ఫోనును జాతిలో వేరు. ఆటపెట్టె ఒకసారి వచ్చినచో ఐదారేండ్లు మారకుండ నిలుచును. ఆ నిలుకడ వలననే ఆట వ్రాయువారు దాని లోతుపాతులు నేర్తురు. ఫోను ఏటేటా మారవలెను, మారనిచో పాతదగును. ఆటపెట్టె ఒక్క పనిని చక్కగా చేసిన చాలును. ఫోను బ్యాంకు కావలెను, పటము కావలెను, తపాలా కావలెను, ఫోటో స్టూడియో కావలెను. ఇందులో ఏ యొక్కటి లేకపోయినను కొనువాడు వెనుదిరుగును. ఆ వసతులను వ్రాయువారు జనమున్న ఫోనుకే వ్రాయుదురు, జనము వసతులున్న ఫోనునే కొందురు. మైక్రోసాఫ్ట్ వారంతటివారు ఈ వలయమును ఛేదింపలేకపోయిరి. అట్టిచోట ఆటలలో ప్రవీణుడగుట అక్కరకు రాదు. పులిని చూచి నక్క వాత పెట్టుకొనుటలో తప్పు వాతది కాదు, నక్కకు చర్మము వేరు.

మన ఆల్విన్ కథ

ఈ కథ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. హైదరాబాదు ఆల్విన్ పేరు మా తరమువారు మరువలేదు. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాదీన్ కంపెనీయు కలిసి దానిని ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా స్థాపించిరి. రేకును వంచి, అతికి, రంగువేసి వస్తువు చేయుట దాని విద్య. ఉక్కు సామాను చేసెను, బస్సులకు ఒడలు కట్టెను, హైదరాబాదు వీధులలో తిరిగిన డబుల్ డెక్కర్లకు పేరు తెచ్చెను. రిఫ్రిజిరేటరు చేసెను. బస్సు ఒడలు, ఇనుపబీరువా, రిఫ్రిజిరేటరు పెట్టె, మూడును వేరు వస్తువులు, కాని చేయి ఒకటే. కనుక ఆ మార్పు సాగినది.

1980 దశకములో అది జపాను సీకో వారి తోడ్పాటుతో చేతిగడియారములను, నిస్సాన్ వారి తోడ్పాటుతో చిన్నలారీలను చేయబూనెను. ఆల్విన్ గడియారము చెడ్డది కాదు. నా మొదటి జీతముతో కొన్నది అదియే, ఎన్నియో యేండ్లు నన్ను తరగతికి వేళకు పంపినది. కాని గడియారపు విద్య సీకోది, లారీ విద్య నిస్సాన్‌ది, ఆల్విన్‌కు స్వంతమైనది రేకు పని. లారీలు తుదకు మహీంద్రా వారి పరమయ్యెను. రిఫ్రిజిరేటర్లు 1990 దశకములో వోల్టాస్ వారి పరమయ్యెను. గడియారములు ఆగిపోయెను. ఒక సంస్థ కూలుటకు అనేక కారణములుండును. ప్రభుత్వ యాజమాన్యము, పోటీ, అప్పులు, ఇవి యన్నియు ఉన్నవి. అన్నింటిని ఒక్క కారణమునకు అంటగట్టుట న్యాయము కాదు. అయినను ఒక్క విషయము స్పష్టము. తన చేతికి తెలిసిన దారిలో నడచినంతవరకు వస్తువులు మారినను ఆల్విన్ తడబడలేదు.

గొల్లపల్లిలో ఒక ఆదివారము

పోటీ జరిగిన రెండు వారములకు నేను గొల్లపల్లికి పోయితిని. వెంట ఆ అబ్బాయి కూడ వచ్చెను. బొబ్బిలి చెంతనున్న ఈ పల్లెలో వీణలు చేయు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరమున ఈ విద్య వేరూనినదని పెద్దలు చెప్పుకొందురు. బొబ్బిలి యనగా 1757 నాటి యుద్ధమును తలచుట మనకు అలవాటు. కోట కూలినను వీణ కూలలేదు. బొబ్బిలి వీణకు నేడు భౌగోళిక గుర్తింపు కూడ కలదు.

పనసమ్రాను ఒక్కదానినే తొలిచి, కుండను, దండిని విడివిడిగా అతుకక చేయు ఏకాండి వీణ ఇక్కడి ప్రత్యేకత. ఏడు తంత్రులలో నాలుగు వాయించుటకు, మూడు తాళమునకు. దండిపై 24 మెట్లు. వీటిని మైనముతో కూర్చిన దిమ్మపై ఒక్కొక్కటిగా నిలుపుదురు. మెట్టు వెంట్రుకవాసి జరిగినను స్వరము చెడును. మ్రాను తొలుచుట చేతి పని, మెట్లు కూర్చుట చెవి పని. మొదటిది కొన్ని మాసములలో పట్టుబడవచ్చును, రెండవది కొన్ని యేండ్లకును పట్టుబడకపోవచ్చును.

మేము పోయినప్పుడు వాకిట ఎండలో చిన్న వీణలు వరుసగా ఆరుచున్నవి. జానెడు, మూరెడు కొలతలవి. సభలలో అతిథులకు బహూకరించుటకు, ఇండ్లలో అద్దాల బీరువాలో పెట్టుకొనుటకు జనము వీనిని కొందురు. పలుకు వీణ కాదు ఇది, చూచు వీణ. ఇంటిలోపల పెద్దవీణ ఒక్కటి, సగము తొలిచినది, గోడవారగా ఉండెను. అబ్బాయి నావైపు చూచెను. ఏ వీణ చేయుచున్నారను తన ప్రశ్నకు అతనికి సమాధానము దొరకినది.

ఇంటి పెద్దను నేను మొగమాటము విడిచి అడిగితిని: “తాతా, ఇంతటి విద్య చేతబట్టుకొని ఈ బొమ్మలు చేయుట మీకు కష్టముగా లేదా?”

ఆయన ఉలి దించి నవ్వెను. “సిన్నయీణ అమ్మితే ఇయ్యేళ కూడొత్తాది మేస్టారూ. పెద్దయీణ సేత్తే పేరొత్తాది. కూడు నేకండా పేరెట్టుకోని ఏటి సేత్తాం? అలగని ఆ పేరు పోతే, రేపు సిన్నయీణ మాత్రం ఎవుడు కొంతాడు?”

ఈ నాలుగు మాటలలో నేను వెదకుచున్న సంగతి యంతయు ఉన్నది. జానెడు వీణ అమ్ముడుపోవుట అది అందముగా నున్నందుకు మాత్రమే కాదు, పలుకు వీణ అదే ఊరిలో పుట్టుచున్నందుకు. నీడ వెలకు పోవుట చెట్టు ఉన్నంతవరకే. చిన్నవీణ చేయుట వారు స్వధర్మము విడుచుట కాదు. చెక్క అదే, ఉలి అదే, యాళిముఖము చెక్కు నేర్పు అదే. వారు గ్రామఫోను చేయబోలేదు, తమ విద్యలో ఒక కొమ్మను అంగడికి పంపిరి.

కాని ప్రమాదము కూడ అక్కడనే ఉన్నది. ఆయన మనుమడు చిన్నవీణ చేయుటలో దిట్ట. “మెట్లు కూర్సడం వొచ్చునా?” అని తాతయే అతనిని మా యెదుట అడిగెను. కుర్రవాడు తల వంచుకొనెను. చిన్నవీణకు మెట్లు శ్రుతిలో ఉండనక్కరలేదు. ఉండనక్కరలేనిదానిని ఎవరు నేర్తురు? చేతి పని బ్రతుకును, చెవి పని చచ్చును. అబ్బాయి పోటీలో అడిగిన ప్రశ్నలోని ముల్లు ఇదియే. ఆమె చెప్పినట్లు వీణ నిలిచినది. అతడు శంకించినట్లు వీణలోని ప్రాణము సన్నగిల్లుచున్నది. ఇద్దరును సగము సగము సత్యము చెప్పిరి.

ఏది మార్చవలెను?

మనసీమలో ఈ చిక్కు గొల్లపల్లిది మాత్రమే కాదు. శ్రీకాకుళము జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పనివారున్నారు. వంటయింటిలోనికి స్టీలు పాత్ర వచ్చి ఇత్తడి బిందెను బయటకు పంపినప్పుడు, స్టీలు పాత్రలు చేయుట వారి చేతిలోని పని కాదు. దానికి మరలు వేరు, పెట్టుబడి వేరు. ఇత్తడినే పట్టుకొని పూలకూజాలు, దీపములు చేసి అంగడిని వెదకికొనిరి. పొందూరు ఖద్దరు నేయువారు మిల్లుగుడ్డతో వెలలో పోటీపడలేరు. చేప దవడ పలువరుసతో దూదిని దువ్వి, చేత వడికిన సన్ననూలు వారి బలము. మిల్లు చేయలేని ఆ పనివలననే వారి బట్టకు వెల.

ఇందుకు ప్రతిగా ఒక అభ్యంతరము రావచ్చును. “తాత చేసినదే మనుమడు చేయవలెననియా మీ బోధ? వృత్తిని కులమునకు కట్టివేసిన పాత సంకెల మరల తగిలించెదరా?” కాదు. గొల్లపల్లి కుర్రవాడు ఇంజనీరు కావచ్చును, కావలెను కూడ, మనసున్నచో. మనుష్యుడు వృత్తి మార్చుకొనుట వేరు, ఒక పేరుతో బ్రతుకు సంస్థ తన పేరును చూపి తనకు తెలియని వస్తువును అమ్మబోవుట వేరు. మారకుండుట ధర్మమని నేను అనుట లేదు. పేకముక్కల దగ్గర నింటెండో ఆగిపోయినచో నేడు దాని పేరు మనము ఎత్తియుండము. మారునప్పుడు వస్తువును మార్చవచ్చును, కొలత మార్చవచ్చును, అంగడి మార్చవచ్చును. ఏ నేర్పువలన తన వస్తువు తనదైనదో ఆ నేర్పును మాత్రము వెంట తీసికొనిపోవలెను. అది వెంటరాని చోటికి పోరాదు.

నింటెండో తుదకు చేసినదేమి? 2015 మార్చిలో ఇవాటా, డి.ఎన్.ఎ. అను జపాను కంపెనీతో కలిసి ఫోనులకై కొన్ని ఆటలు చేయుదుమని ప్రకటించెను. అదే దినమున, క్రొత్త ఆటపెట్టెయును తయారగుచున్నదని చెప్పెను. ఫోనులకు పోయిన మాత్రమున ఇల్లు విడువలేదని లోకమునకు తెలియవలెను గదా! ఆ జూలైలోనే ఆయన కాలధర్మము చెందెను. 2016 జూలైలో నియాంటిక్ వారు విడిచిన ‘పోకెమాన్ గో’ లోకమును వీధులలో త్రిప్పెను. ఆ డిసెంబరులో నింటెండో వారి మారియో బొమ్మ ‘సూపర్ మారియో రన్’ ఆటతో ఫోనులలో పరుగెత్తెను. ఇవి వారి చిన్నవీణలు. ఫోనులో మారియోను చూచిన పిల్లవాడు పెద్ద ఆటకై ఇంటికి రావలెనని వారి కోరిక. 2017 మార్చిలో ‘స్విచ్’ వచ్చెను. ఇంట టెలివిజనుకు తగిలించుకొనవచ్చును, చేత పట్టుకొని బయటకు పోవచ్చును, రెండు పక్కల బొత్తాముల పిడులను ఊడదీసి ఇద్దరు ఆడుకొనవచ్చును. అది ఫోను పని ఏదియు చేయదు. అయినను 15 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. 2025 జూనులో దానికి రెండవ తరము కూడ వచ్చినది.

ఇందులో గమనింపవలసినది ఒకటి. ఫోనుకు చదునైన గాజుపలక యున్నది. గాజుపై వ్రేలు జారును గాని, బొత్తాము నొక్కినట్లు తెలియదు. చూడకయే వ్రేలికి తెలియవలసిన ఆటలు గాజుమీద రాణింపవు. ఫోను గడియారమును మ్రింగినది, కెమెరాను మ్రింగినది, వ్రేలి స్పర్శను మ్రింగలేకపోయినది. అది మ్రింగలేని చోట నింటెండో తన ఇల్లు కట్టుకొనెను.

ఈ సంగతి మాకు గొల్లపల్లిలో మరియొక విధముగా కనబడినది. మేము లేవబోవుచుండగా తాత ఆ సగము వీణకు కాక, బాగుచేయుటకు వచ్చిన పాతవీణ నొకదానిని ముందు పెట్టుకొని, మెట్లు సరిచేయసాగెను. విజయనగరము సంగీత కళాశాలలో నేర్చుకొను ఒక పిల్లదట అది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులుగా ఆరంభమైన ఆ కళాశాలకు నేటికిని వీణ నేర్చువారు వచ్చుచుండుట గొల్లపల్లికి అన్నము. శ్రుతికి తాత ఏమి పెట్టునో చూతమని ఉంటిమి. మనుమని పిలిచి, “నీ ఫోనులో శ్రుతెట్రా” అనెను. పాత శ్రుతిపెట్టె చెడిపోయినదట. ఫోను తంబురావలె మ్రోగసాగెను. ముసలివాడు కన్నులు మూసికొని తంత్రి మీటి, మెట్టును మైనములో ఒకింత జరిపి, మరల మీటెను. ఇంకొకింత జరిపెను. ఫోను శ్రుతిపెట్టెను మ్రింగినది, ఆ జరుపుటను మ్రింగలేదు.

పోటీలో మొదటి బహుమానము అమ్మాయికి ఇచ్చితిమి, రెండవది అబ్బాయికి. గొల్లపల్లినుండి తిరిగివచ్చునప్పుడు బస్సులో నేనతనితో, నీ ప్రశ్నకు మొదటి బహుమానము ఇవ్వవలసినదని అంటిని. అతడు దానికి సంతోషింపలేదు. “మేస్టారూ, మెట్లు కూర్చుట ఆ మనుమడు నేర్చుకొన్నంతకాలము అతనికి కూడెవరు పెట్టుదురు?” అని అడిగెను. కంపెనీకైనచో నిలువ ధనముండును, రెండేండ్లు నష్టమోర్చి తన విద్యను కాపాడుకొనగలదు. వాకిట ఎండలో చిన్నవీణలు ఆరబెట్టుకొను ఇంటికి అట్టి నిలువ లేదు.

ఆ లెక్క ఒక్కరివలన తీరదు. కాని బడులలో పాఠము చెప్పువారికి ఒక్క పని చేతనగును. ఈ ఏడు వార్షికోత్సవమునకు అతిథికి ఏ బహుమానము కొనవలెనా అని ఆలోచించునప్పుడు జానెడు వీణను కొనుడు, తప్పు లేదు. దానితోపాటు ఒక పలుకు వీణను బడికే కొనుడు, ఆరుబయట పిల్లల నడుమ పెట్టి మీటించుడు. మెట్లు సడలినప్పుడు ఆ వీణ మరల గొల్లపల్లికి పోవలెను. అది పోయిననాడు ఆ కుర్రవాడు తాత ప్రక్కన కూర్చుండి చెవి ఒగ్గవలసివచ్చును.